పదికీ రెండింటికీ మధ్య

కుతైసిలో పాత చెప్పుల ఫ్యాక్టరీ అడుగున నా గది.
గోడలకి మా మేనత్త వద్దనుకున్న తివాచీలు.
రియోని నది పొంగిన రాత్రి
స్పీకర్లని సోఫా ఎక్కించి
నేను మోకాటి లోతు నీళ్ళలో నించున్నాను.

ఈ వారం వచ్చినవాళ్ళు ముగ్గురు.
అడుగు శ్రుతి పాడే వర్లామ్‌కి ఎనభై దాటాయి,
ఊపిరికీ ఊపిరికీ మధ్య దగ్గు.
అటొకడు ఇటొకడు అన్నదమ్ములు, ఉషాంగీ, ఓతియా.
ద్రాక్షతోట గట్టు తగువు. పదకొండేళ్ళుగా మాటల్లేవు.
పాటలో మాత్రం కలుస్తారు,
అదీ చెరో గోడకేసి చూస్తూ.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు:
"పిల్లా, నన్ను ఎడమకి పెట్టు, వాణ్ణి కుడికి.
నీ యంత్రంలో ఎంత దూరముంటే అంత దూరం."

దూరం నా దగ్గర బొత్తామంత ఉంటుంది.
ముల్లు పన్నెండు మీదుంటే మనిషి నీ నుదుటికెదురుగా పాడతాడు.
ఏడుకి తిప్పితే ఎడమ చెవి అంచున,
అయిదుకి తిప్పితే కుడి చెవి అంచున.
తిప్పాను.
మధ్యలో వర్లామ్ ఒక్కడే మిగిలాడు,
అందరూ చేతులు కడుక్కున్నాక
బంతిలో ఇంకా మజ్జిగ కోసం చూస్తున్నవాడిలా.

వెడల్పు చాలదనిపించింది. మా వృత్తికున్న జబ్బే అది.
ఓతియా గొంతుకి నకలు తీసి
పన్నెండు మిల్లీసెకన్లు వెనక్కి లాగి అవతలి వైపు పారేశాను.
గది మైదానమైపోయింది. భలే అనుకున్నాను.
తర్వాత వంటగది రేడియోకి తగిలించి
రెండు దారులూ ఒకటి చేసి విన్నాను:
రేకు డబ్బాలో కూర్చుని జ్వరపడ్డవాడు పాడుతున్నాడు.
అప్పు తెచ్చిన వెడల్పు,
ఒంటి స్పీకరు నిలదీసిందంటే వడ్డీతో కక్కాలి.
నకలు తుడిచేశాను.
ఆయనడిగిన దూరం మాత్రం అలాగే ఉంచి పంపాను.

మర్నాడు ఫోను. వెనకాల రొట్టెల వ్యాను రొద.
"నేనేడీ ఇందులో?"
"ఎడమ పక్కన."
"లేను. జెస్తాఫోనీ దాకా వాడే పాడాడు.
వాడూ, వర్లామ్ దగ్గూ."
నాకు నవ్వాగలేదు.
ఎడమ స్పీకరు పోయి ఎన్నాళ్ళయిందండీ?
లెక్కపెట్టుకున్నాడు. "ఆ పెద్ద మంచు కురిసిన ఏడు."

చాలాసేపు ఇంజను చప్పుడే.
"రెండో చరణంలో వాడు మాట మర్చిపోయాడు.
ఎవరో దూరంనించి అందించారు. ఎవరది?"

ముగ్గురినీ ఒకే గదిలో పాడించాను, తలా ఒక మైకు ఇచ్చి.
మైకుకి గట్టు తగువులు తెలీవు.
ఒకడి ముందు పెట్టినా పక్కవాణ్ణి ఓ గుక్క తాగుతుంది.
నేను ముల్లుని ఎంత దూరం తిప్పినా
తమ్ముడి ట్రాకులో, తమ్ముడి గొంతు వెనక,
పొడిగా, ఒక్క గుసగుస: "కాడి".

"మీరే," అన్నాను.

ఇండికేటరు టిక్కు టిక్కుమంటోంది.
ఎటో తిరగాలి, తిరగడం లేదు.

"కొంచెం ఇటు లాగు," అన్నాడు.
"ఎవర్ని?"
పెట్టేశాడు.

ఇక ఒకణ్ణి పదికి, ఒకణ్ణి రెండుకి.
అంతకంటే దగ్గరైతే ఒకరి మాట మీద ఒకరు కాలేస్తారు.
చిన్నప్పుడు వాళ్ళమ్మ బల్ల దగ్గర
ఇద్దరి మోచేతులకీ మధ్య వదిలిన జాగా
ఇంతే ఉండుంటుంది, నా ఊహ.
గుసగుసని చెరపలేదు.
అక్కడికి రాగానే ఫేడరుని వెంట్రుకవాసి పైకి నెట్టాను.
ఓతియా పట్టుకుంటే, నది హోరని బొంకుతాను.

శనివారం పెద్దాయన వేడి రొట్టె తెచ్చిచ్చాడు.
పాట ఊసెత్తలేదు.
స్పీకరు బాగుచేయించారా అని నేనే అడిగాను.

"ద్రాక్ష కోతలు కానీ, చూద్దాం."